సయాం నుంచి వచ్చిన బాపు

కోరుట్ల
ఏప్రిల్ 12, 1981

తమ్ముడు పోశన్నకు,

దీవెనలు ముందు రాస్తున్నాను, తిట్లు వెనక వస్తాయి. ఇక్కడ అందరం బాగున్నాము. మీ బావ బాగున్నాడు, బర్రె బాగుంది, బీడీ ఆకు ఒక్కటే బాగా రావడం లేదు.

ఉత్తరం బడి భాషలో రాస్తున్నానని నవ్వకు. మన పోస్ట్‌మ్యాన్ కవరు ఎండకు పట్టి చదువుతాడు, వాడి ముందు పరువు పోకూడదు. మనల్ని కన్న అవ్వ మాటలు మాత్రం ఆమె అన్నట్టే రాస్తాను. వాటిని బడి భాషలో పెట్టడం నా వల్ల కాదు, నాకు ఐదో తరగతి చెప్పిన సారు వల్ల కూడా కాదు.

సంగతి ఏమిటంటే, పక్కింటి గంగాబాయి తన చనిపోయిన మొగుడి ఫోటో కరీంనగర్‌లో పెద్దది చేయించి తెచ్చింది. అద్దం, బంగారు రంగు చట్రం, చుట్టూ చిన్న లైట్లు. రోజూ పొద్దున మన వైపు తలుపు బార్లా తెరిచి మరీ ఆ ఫోటో తుడుస్తుంది. అవ్వ మూడు రోజులు ఓర్చుకుంది. నాలుగో రోజు అన్నది, "దాని మొగనికంటె నా మొగడు అందగాడు. గోడ మీద మాత్రం దాని మొగడే ఉన్నడు."

మన బాపు ఒక్క ఫోటో కూడా దిగలేదు కదా. ఫోటో దిగితే ఆయువు తగ్గుతుందని ఆయన పట్టుదల. వేములవాడ జాతరలో ఫోటోలవాడు పిలిస్తే గొంగడి కప్పుకుని పరుగెత్తాడు. అంత జాగ్రత్తపడ్డ మనిషి నలభై ఎనిమిదేళ్ళకే పోయాడు. ఇప్పటికి పదహారేళ్ళు.

నిన్న బీడీలు చుడుతూ చుడుతూ అవ్వ చేతులు ఆపేసింది. "గౌరీ, మీ బాపు ముఖం యాదికొస్తలేదే. మీసాలొస్తున్నయి, రుమాలొస్తున్నది, నడుమ ముఖం వస్తలేదు. ఇంక గట్టిగ యాది చేస్తె మీ మేనమామ వస్తున్నడు" అన్నది. నేను నవ్వాను. తరువాత అవ్వను చూసి నవ్వు ఆపాను. పెత్రమాసకు పెద్దలకు బియ్యమిచ్చి, ఇస్తరాకు వేసి అన్నం పెడతాం కదా. "ఎవ్వలను తలుసుకొని పెట్టాలె?" అని అడిగింది.

జవాబు కూడా ఆమే చెప్పింది. "దుబాయిల గడియారంల పాటలు పెడుతరట. ఒక్క మనిషి ముఖం చెయ్యరా? పెత్రమాసలోపు బాపు ఫోటో పంపుమని పోశన్నకు రాయి." రాశాను. ఇక నీ తిప్పలు నీవి.

అక్క గౌరవ్వ


దోహా (దుబాయ్ కాదు)
మే 3, 1981

అక్కా,

నీ కాళ్ళకు మొక్కుతున్నాను. ఇది ఖతర్. దుబాయ్ వేరే దేశం. ఈ మాట ఏడోసారి రాస్తున్నాను.

మేము మదీనత్ ఖలీఫాలో విల్లాలు కడుతున్నాము, నాది బండలు పరిచే పని. ఈ ఊరికి నూనె దొరికినప్పటి నుంచి కుదురు లేదు. పోయిన నెల దారి గుర్తుకు ఒక ఇసుక దిబ్బను పెట్టుకున్నాను. మొన్న వెళ్ళి చూస్తే దాని మీద బ్యాంకు ఉంది. అయినా ముఖం చేసే మిషన్ మాత్రం ఇంకా రాలేదు. నీ మాట మీద ఫోర్మన్‌ను అడిగాను కూడా. ఎండ దెబ్బ తగిలిందని నన్ను గంటసేపు నీడలో కూర్చోబెట్టాడు.

క్యాంప్‌లో గదికి ఆరుగురం. నాది పై మంచం. కింది మంచం థాయిలాండ్ వాడిది, పేరు బున్‌సోంగ్, వడ్రంగి. వాళ్ళ దేశాన్ని ఇదివరకు సయాం అనేవారట. మా మాటల్లో సగం హిందీ, పావు అరబ్బీ, మిగతాది చేతులు. 'మాఫీ ముష్కిల్' అన్నాడంటే ఇబ్బంది లేదని అర్థం. ఇబ్బంది ఉన్నప్పుడు కూడా వాడు అదే అంటాడు, అదే వాడితో ఇబ్బంది.

వచ్చిన రోజే వాడు గోడకు ఒక పాత ఫోటో కొట్టాడు. తెల్లకోటు, మీసాలు, గోచి పోసి కట్టిన పట్టుబట్ట, మోకాళ్ళ దాకా మేజోళ్ళు. వాళ్ళ పాత రాజట, పోయి డెబ్భై ఏళ్ళయిందట. ఆ వంశంలో రాజులందరినీ రాముడనే అంటారు, ఈయన ఐదో రాముడు. మరుసటి రోజు చూస్తే ఫోటో జానెడు పైకి పోయింది. ఆ మరుసటి రోజు ఇంకో జానెడు. విషయం ఏమిటంటే, నేను పై మంచం మీద కాళ్ళు చాపితే నా పాదాలు రాజుగారి తలకంటే ఎత్తులో ఉంటున్నాయి. వాళ్ళలో అది ఘోరమైన తప్పు. నోరు విప్పి చెప్పడానికి మొహమాటపడి ఫోటోనే జరుపుతున్నాడు.

కానీ నా వేములవాడ రాజన్న దేవుడి పటం కూడా ఆ గోడకే ఉంది కదా. రాజన్నకంటే రాజు ఎత్తుకు పోతే నేను ఊరుకుంటానా. నేనూ జానెడు జరిపాను. వాడు జానెడు, నేను జానెడు. వారానికి ఇద్దరూ కప్పుకు తల ఆనించి నిలబడ్డారు. ఇక పైకి చోటు లేదు. చివరికి వాడే ఒక పొడుగు పలక చెక్కి కొట్టాడు, నేను నీళ్ళ పైపుతో లెవెల్ చూశాను, ఇద్దరినీ పక్కపక్కన పెట్టాము. నేను తల అటు, కాళ్ళు ఇటు మార్చి పడుకుంటున్నాను. అప్పటి నుంచి దోస్తులం.

వాడి దగ్గర పాత ఫోటోల పుస్తకం ఉంది. వాడి తాత బ్యాంకాక్‌లో ఒక ఫోటోల దొర దగ్గర అద్దం పలకలు మోసేవాడట. ఒక ఫోటోలో నది నిండా పడవలు, ముందు పడవకు హంస తల, యాభై మంది తెడ్లు. ఇంకో దాంట్లో జనమంతా నేల మీద బోర్లా ఉన్నారు. ఏం పోగొట్టుకున్నారని అడిగాను. పూర్వం రాజు ఎదుట అలాగే పాకేవారట. ఈ ఐదో రాముడే ఇక లేచి నిలబడండి అన్నాడట. ఒక రాజకుమారుడికి నడినెత్తిన జుట్టుముడి, చుట్టూ పూలు. ఈడు వచ్చాక ఆ జుట్టు తీస్తారు. ఆ పండుగకు వెదురుతో, రేకులతో కైలాసం కొండ కడతారట. అవ్వకు ఇది చెప్పు, సంతోషిస్తుంది.

ఇంకొకటి చెప్పాలి. ఫోటో దిగితే ఆయువు తగ్గుతుందని వాళ్ళు కూడా భయపడేవారట. ఒక రాజు తానే కూర్చుని దిగితే గాని జనానికి ధైర్యం రాలేదని బున్‌సోంగ్ చెప్పాడు. మన బాపుకు అలా ముందు దిగి చూపించేవాడు లేకపోయాడు. బాపు ఫోటో ఎక్కడి నుంచి తేను అక్కా? అవ్వకు నువ్వే నచ్చజెప్పు.

పోశన్న


కోరుట్ల
మే 29, 1981

తమ్మీ,

అవ్వకు నచ్చజెప్పమని ఎంత తేలికగా రాశావు. నువ్వు సముద్రం అవతల ఉన్నావు, నేను ఆమె పక్కన కూర్చుని బీడీలు చుట్టాలి.

కైలాసం సంగతి చదివి వినిపించాను. "కొండ కట్టి పుట్టెంటికలు తీసేటోళ్ళు పరాయోళ్ళెట్లయితరు? ఆ పిలగాడు మనోడే. బువ్వ తిన్నడో లేదో అడుగు" అన్నది. కాబట్టి బున్‌సోంగ్ బువ్వ తిన్నాడా లేదా రాయి.

ఫోటో సంగతిలో మాత్రం ఆమె దిగిరాలేదు. గుర్తులు చెప్తాను, రాసుకో, వాటిని బట్టి చేయిస్తాడు అన్నది. చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను. ముక్కు: "పోశన్న ముక్కే, కాని కోపం మీదున్న ముక్కు." కళ్ళు: "పెరుగన్నంల ఉప్పెక్కువైనప్పుడు చూసే చూపు." చెవులు: "రుమాలు కింద ఉండె, ఎవ్వలు చూసిండ్రు." ముఖం గుండ్రమా, కోలా అని అడిగితే కసిరింది, తరువాత గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆ పూట బీడీలు చుట్టలేదు.

ఒక మాట చెప్తాను, నీలోనే ఉంచుకో. నాకూ బాపు ముఖం గుర్తు లేదు. చేతులు గుర్తున్నాయి, నెత్తి మీద మొట్టినవి. ఇది అవ్వకు చెప్పలేదు. చెప్తే ఇల్లు మొత్తంలో ఆయన ఎక్కడా లేడని తేలిపోతుంది.

ఏదో ఒకటి చెయ్యి.

గౌరవ్వ


దోహా
జూన్ 26, 1981

అక్కా,

ఈ ఉత్తరం ఒక్కదానివే చదువు. పోస్ట్‌మ్యాన్ కంటపడకుండా, లీవు మీద వస్తున్న మెట్‌పల్లి మనిషి చేతికి ఇచ్చి పంపుతున్నాను. వాడి దగ్గర అట్టపెట్టెలో ఒక ఫోటో కూడా ఉంది. అవ్వకు అది బాపు ఫోటో అని చెప్పు.

తిట్టకు, మొత్తం చదువు. రెండు వారాల కిందట బున్‌సోంగ్ తన పుస్తకం చివరి పేజీలు చూపిస్తున్నాడు. ఒక చోట నా చేయి ఆగింది. పెద్ద కోట తలుపు. ముందు ఒక మనిషి. పొట్టి జుట్టు, గోచి, భుజం మీంచి అడ్డంగా పట్టీ, చేతిలో పొడుగు కర్ర. ఎదురొచ్చిన వాణ్ణి ఆపి 'ఎటు పోతున్నవు రా' అన్నట్టున్న చూపు. మీసం లేదు, అంతే. తక్కినదంతా బాపు. నాకు తెలియకుండానే చేతిలో సిగరెట్టు పారేశాను.

ఎవరు అని అడిగితే "బిగ్ బాస్, రాజా గేట్" అన్నాడు బున్‌సోంగ్. కాపీ తీయించుకుంటానంటే "మాఫీ ముష్కిల్" అన్నాడు. ఎందుకని వాడు అడగలేదు, సిగ్గుకు నేను చెప్పలేదు.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర స్టూడియోలో మన నిజామాబాద్ ఇక్రాముద్దీన్ భాయ్ ఫోటోలకు రంగులు వేస్తాడు. నల్లగా వచ్చిన వాణ్ణి వీసాకు తెల్లగా చేయడం ఆయన వృత్తి. ఆయనకు మాత్రం నిజం చెప్పాను. "ఫికర్ జెయ్యకు భాయ్. సచ్చిపోయినోళ్ళ ఫోటోలే నయం, మంచిగ రాలేదని ఎవ్వరు వాపస్ రారు. మీసం ఏది గావాలె, పోలీస్‌దా, పటేల్‌దా?" అన్నాడు. పటేల్‌ది పెట్టించాను. నెత్తికి ఎర్ర రుమాలు కట్టాడు, పట్టీని కండువా చేశాడు. వెనకున్న కోట తలుపును తీసేయమంటే ఒప్పుకోలేదు. ఉంటే ఇజ్జత్‌గా ఉంటుందట.

తప్పని తెలుసు. కానీ ఆ ఫోటో చూసి నేను జడుసుకున్నాను అక్కా. పదహారేళ్ళ తరువాత బాపును చూసి జడుసుకున్నాను, ఎంత సంతోషమైందో చెప్పలేను. అవ్వకు కూడా ఆ భయం కొంచెం దొరకనీ.

పోశన్న

మరిచాను. బున్‌సోంగ్ బువ్వ తిన్నాడు. అవ్వ అడిగిందని చెబితే మళ్ళీ ఇంకోసారి తిన్నాడు.


కోరుట్ల
జూలై 20, 1981

తమ్మీ,

నిన్ను తిట్టాలని కలం తీసి మూడు రోజులు కూర్చున్నాను. ఇప్పుడు తిట్టే వేళ దాటిపోయింది, ఎందుకంటే ఊరంతా నమ్మింది.

అవ్వ అట్టపెట్టె విప్పి ఫోటోను మోకాళ్ళ మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. చివరికి "గోడకు కొట్టు" అన్నది. మీ బావ మేకు కొట్టాడు. మరునాటి నుంచి ఆమె రోజూ పొద్దున దాని ఎదురుగా కూర్చుని కొట్లాడుతున్నది. "గట్ల చూడకు, నేనేం జేసిన" అంటుంది. "గీ ముక్కేంది, నీ ముక్కు గిట్లుండెనా" అంటుంది. నేను పొయ్యి దగ్గర చచ్చినంత పని అవుతున్నది. కానీ సాయంత్రం చూస్తే ఆమె ముఖంలో కళ ఉంటుంది. ఒక సుట్ట ముట్టించి ఫోటో ముందు పెట్టి, సగం కాలాక తాను తాగుతుంది.

గంగాబాయి వచ్చింది. వెనక ఆ తలుపు ఏమిటని అడిగింది. నేను నీళ్ళు నమిలాను, అవ్వ నమలలేదు. "నైజాం గడి తలుపు. ఈయనను ఏరి కోరి కావలి పెట్టిండ్రు" అన్నది. నైజాం కోటకు కావలి అట! నేను కళ్ళు తేలేశాను. వారం తిరిగేసరికి బాపు నైజాంకు కుడిభుజం అయ్యాడు. పది రోజులకు చిరుతపులిని కర్రతో కొట్టాడు. కటికె వీధి ముసలాయన ఒకడు ఆ పులిని నేను కళ్ళారా చూశాను అన్నాడు. పోస్ట్‌మ్యాన్ మన గడపలో చెప్పులు విడుస్తున్నాడు. ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి, నైజాంతో పోరాడిన వాళ్ళ పుస్తకంలో బాపు పేరు కూడా వేస్తానన్నాడు. నైజాం దగ్గర కావలి ఉన్నవాడు నైజాంతో ఎలా పోరాడాడని మీ బావ అడిగితే, "దగ్గర ఉంటెనే గద పోరాడేది" అన్నాడు.

గంగాబాయి లైట్లు ఆర్పేసింది. తలుపు కూడా ఇప్పుడు ఓరగానే తీస్తున్నది.

నవ్వుతూ రాస్తున్నాను గాని లోపల గుబులుగా ఉంది. ఆ ఫోటోలో మనిషి ఎవరో కనుక్కున్నావా?

గౌరవ్వ


దోహా
ఆగస్టు 9, 1981

అక్కా,

కనుక్కున్నాను. కూర్చుని చదువు.

రంజాన్ పండుగకు నాలుగు రోజులు సెలవు ఇచ్చారు. బున్‌సోంగ్ కొత్త చొక్కా వేసుకుని ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు తిరగడానికి వెళ్ళాడు. ఇక్రాముద్దీన్ భాయ్‌కి తన పనితనం మీద ప్రేమ ఎక్కువ కదా. నాకు చెప్పకుండా మన బాపును ఇంకా పెద్దగా చేసి, స్టూడియో అద్దంలో దారినపోయేవాళ్ళకు కనబడేట్టు పెట్టాడు. బున్‌సోంగ్ ఆ అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలియదు. గదికి వచ్చి నా వైపు చూడలేదు. పలక మీద నుంచి రాజుగారిని తీసి గుడ్డలో చుట్టి తన పెట్టెలో పెట్టుకున్నాడు. పలక మీద రాజన్న ఒక్కడే మిగిలాడు.

అక్కా, ఆ ఫోటోలో ఉన్నది ఆడమనిషి.

బున్‌సోంగ్ అమ్మమ్మకు తల్లి. ఆ కాలంలో సయాంలో ఆడవాళ్ళు కూడా జుట్టు పొట్టిగా కత్తిరించుకునేవారట. గోచి ఆడా మగా అందరూ ఒకేలా కట్టేవారట. రాజుగారి కోట లోపల ఇంకో ఊరు ఉండేది, అందులో అందరూ ఆడవాళ్ళే. రాణులు, దాసీలు, వంటవాళ్ళు, అంగళ్ళవాళ్ళు, చివరికి పోలీసులు కూడా. ఆ పోలీసుల్లో ఈమె ఒక తలుపుకు పెద్ద. కప్పు కారితే నాలాంటి మేస్త్రీ లోపలికి పోవాలన్నా ఈమె కర్ర పట్టుకుని వెంట నడవాల్సిందే, పని కాగానే బయటికి తోలాల్సిందే.

ఈ వివరమంతా బున్‌సోంగ్ నాతో చెప్పలేదు. నాతో మాట్లాడటమే మానేశాడు. ఇంగ్లీషు వచ్చిన వాళ్ళ దేశపు సూపర్‌వైజర్‌తో కాగితం మీద రాయించి నా దిండు మీద పెట్టాడు. ఫోర్మన్ చదివి చెప్పాడు. చివరి వాక్యం ఇలా ఉంది: 'బతికినన్నాళ్ళూ ఒక్క మగవాణ్ణి ఒంటరిగా గడప దాటనివ్వని మనిషి. నువ్వు ఆమెనే మగవాణ్ణి చేశావు.'

ఫోర్మన్ నన్ను మళ్ళీ నీడలో కూర్చోబెట్టాడు.

అవ్వకు చెప్పాలా వద్దా, నువ్వే రాయి.

పోశన్న


కోరుట్ల
సెప్టెంబర్ 2, 1981

తమ్మీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదివే ధైర్యం లేక పప్పు డబ్బాలో దాచాను.

ఆమెకు అవ్వ రోజూ సుట్ట పెడుతున్నది రా. మొన్న కల్లు కూడా పోసింది. మీ బావ అయితే ఆ ఫోటో ముందు బనీను మీద తిరగడం మానేశాడు, మామ చూస్తున్నాడని. మామ అని ఎవరిని అంటున్నాడో తెలిస్తే ఇంట్లోంచి పారిపోతాడు.

పెత్రమాస ఈ నెలాఖరుకే. చెప్తే అవ్వకు దొరికిన ఆ ఒక్క ముఖం కూడా పోతుంది, మళ్ళీ గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. చెప్పకపోతే బాపుకు పెట్టిన అన్నం ఎవరో కోట తలుపు పెద్దమ్మకు పోతుంది, మన బాపు పక్కన నిలబడి చూస్తూ ఉంటాడు. బతికినప్పుడే అన్నం ఆలస్యమైతే కంచం విసిరేవాడు. నేను చెప్పలేను. నువ్వు పెట్టించిన మీసం, నువ్వే తీయి.

గౌరవ్వ


దోహా
సెప్టెంబర్ 13, 1981

అక్కా,

శుక్రవారం బున్‌సోంగ్ పక్కన కూర్చున్నాను. వాడు లేచి పోలేదు గాని గోడ వైపు తిరిగాడు. వాడి వీపుతోనే మాట్లాడాను. మాకు ఫాదర్ ఫోటో మాఫీ, అంటే లేదు అన్నాను. మా మదర్‌కు ఆ ముఖం ఖలాస్ అయిపోతున్నది అన్నాను. నీ పెద్దమ్మ చూపు మా బాపు చూపు, నాకు భయమైంది, అందుకే తీసుకున్నాను అన్నాను. ఏడుపు కూడా వచ్చింది, దానికి భాష అక్కర్లేదు.

చివరికి వాడు ఇటు తిరిగాడు. ఇంట్లో వాడి అమ్మ కూడా ఆ ఫోటో చూస్తే జడుసుకుంటుందట. తరువాత పెట్టెలోంచి రాజుగారిని తీసి పలక మీద పెట్టాడు. నేను నీళ్ళ పైపు తెచ్చాను.

వాడు ఒక్కటే అడిగాడు. అమ్మకు నిజం చెప్పమన్నాడు. వాళ్ళకూ ఇంచుమించు ఇదే అమావాస్యకు పెద్దలకు అన్నం పెట్టే పండుగ ఉందట. పేరు తప్పి పెడితే ఇద్దరికీ అందదు అన్నాడు. ఇక్రాముద్దీన్ భాయ్‌తో మీసం, రుమాలు లేకుండా ఆమె ఫోటో ఉన్నది ఉన్నట్టు తీయించి ఈ కవరులో పంపుతున్నాను. 'మీసం తీసెయ్యాల్నా' అని ఆయన కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

చెప్పక్కా. నేను ఎదురుగా ఉంటే నేనే చెప్పి తన్నులు తినేవాణ్ణి. అవ్వ కాళ్ళు పట్టుకున్నానని చెప్పు.

పోశన్న


కోరుట్ల
అక్టోబర్ 1, 1981

తమ్మీ,

పెత్రమాస అయిపోయింది. వరుసగా చెప్తాను.

ముందు రోజు పొద్దున అవ్వ ముందు బీడీల చాట పెట్టుకుని కూర్చుని, తల ఎత్తకుండా మొత్తం చెప్పేశాను. సయాం, కోట, ఆడపోలీసులు, ఇక్రాముద్దీన్, అన్నీ. అవ్వ బీడీ చుట్టడం ఆపలేదు. దారం కొరికి, "ఆడిదని నాకు మొదటి దినమే ఎర్క" అన్నది.

నా చేతిలో ఆకు కింద పడింది. ఎలా తెలుసని అడిగాను. "మొగోడు కర్ర పట్టుకుంటె కొడుత అన్నట్టు పట్టుకుంటడు. గామె, ఎట్ల పోతవో పో చూస్త అన్నట్టు పట్టుకున్నది. గది ఆడోళ్ళ పట్టు." మరి ఎందుకు చెప్పలేదంటే, "పిలగాడు గంత తిప్పలవడి మీసం పెట్టిచ్చి పంపిండు. కాదని ఎట్ల అనాలె?" అన్నది. మరి నైజాం గడి, పులి? "గంగాబాయి అడిగింది, చెప్పిన. దాని కోసం వేరే ఫోటో తేవాల్నా?"

తరువాత చాట పక్కకు జరిపింది. ఈ మాటలు ఒక్కటి కూడా పోకుండా రాస్తున్నాను. "ఆమె ముందట దినాం కూసున్న. ముక్కు గిట్ల కాదు, అన్న. అనంగనె ఎట్లుండెనో యాదికొచ్చింది, నడుమ కొంచెం వంగి ఉండె. కండ్లు గింత పెద్దగ కాదు, అన్న. మీ బాపువి చిన్నయి, నవ్వితె ఎడమ కన్ను ముందు మూసుకపోతుండె. గదవ గిట్ల కాదు, అన్న. కింద చిన్న గాటు ఉండె, చిన్నప్పుడు దూడ తన్నింది. ఉత్త గోడను చూస్తె ఏం రాలే. ఆమెను చూసి కాదు కాదు అన్నకొద్ది, ఒక్కొక్కటి వచ్చి నిలవడ్డది. ఇప్పుడు మొత్తం ఉన్నడు బిడ్డా."

పండుగనాడు రెండు ఇస్తర్లు వేసింది. ఒకటి సయాం పెద్దమ్మకు, తాంబూలంతో. ఆమె ఊరు, పేరు తెలియకపోయినా బున్‌సోంగ్ పెద్దమ్మా అని పిలిచింది. ఇంకొకటి దూరంగా, ఫోటో ఏమీ లేని చోట బాపుకు. కళ్ళు మూసుకుని పెట్టింది, ఒక్క మెతుకు పక్కన పడలేదు.

నువ్వు పంపిన కొత్త ఫోటోనే ఇప్పుడు గోడకు ఉంది. మీసం ఏమైందని గంగాబాయి అడిగింది. వేములవాడ రాజన్నకు మొక్కుంటే ఇచ్చేశాడని అవ్వ చెప్పింది. గంగాబాయి దండం పెట్టి పోయింది.

తమ్మీ, అన్నం పెట్టాక అవ్వ నా చేయి పట్టుకుని తన ముఖం మీద గీసి చూపిస్తూ ఒక్కొక్కటి చెప్పింది, కనుబొమ్మల నుంచి గడ్డం దాకా. నేను కళ్ళు మూసుకున్నాను. చేతులే కాదు, ఈసారి ముఖం కూడా వచ్చింది. ఏడ్చాను, మంచిగా ఏడ్చాను. నీకూ రాస్తున్నాను. నుదురు వెడల్పు, మూడు గీతలు. కనుబొమ్మలు మధ్యలో కలవవు. కళ్ళు చిన్నవి. ముక్కు నడుమ వంపు. పై పెదవి మీసం కింద కనబడదు, కింది పెదవి కొంచెం ముందుకు ఉంటుంది, అలిగినట్టు. గడ్డం కింద దూడ తన్నిన గాటు. ఇప్పుడు నవ్వించు. ఎడమ కన్ను ముందు మూసుకుంటుంది.

మంచం మీద పడుకుని, కళ్ళు మూసుకుని చూడు. నీకు పదేళ్ళప్పుడు పోయాడు, కొంచెం ఆలస్యం కావచ్చు. తొందరపడకుండా చూడు.

అక్క గౌరవ్వ